ఎన్నారై సందేహాలు: టైర్లు విప్పి ట్రాక్స్ వేస్తే చలికాలం గట్టెక్కుతామా?

ప్రశ్న: అన్నా, ఈ మంచు దేశంలో మాకిది రెండో చలికాలం. ఇల్లు మెయిన్ రోడ్డుకి రెండు కిలోమీటర్లు లోపల. ఆ దారిలో మంచు తీయడానికి ఎవరూ రారు. వేసవిలో ఒక సైడ్ బై సైడ్ బండి (ఇద్దరు పక్కపక్కన కూర్చుని రోడ్డు లేని చోట నడుపుకునే నాలుగు చక్రాల చిన్న బండి) కొన్నాను. టైర్లు తీసేసి ట్రాక్స్, అంటే యుద్ధ ట్యాంకుకి ఉన్నట్టు చుట్టూ తిరిగే రబ్బరు పట్టాలు, వేస్తే ఇబ్బంది తీరుతుందా? వాడిన సెట్టు ఒకటి దొరుకుతోంది. శనివారం ఒక్క పూటలో నేనే బిగించుకోవచ్చా?

జవాబు: ఇబ్బంది తీరుతుంది తమ్ముడూ. నీ చేత్తో నువ్వే బిగించుకోవచ్చు కూడా. ఒక్క పూటలో అన్నావు చూడు, అక్కడే నాకు భయం. మొదటిసారి నేనూ ఒక్క పూటలోనే కానిచ్చాను. చీకటి పడేసరికి బండి ఒకచోట, నేను ఒకచోట. ఆ కథ తర్వాత చెబుతా.

ముందు అసలు అవసరమా అన్నది చూసుకో. మంచు పడ్డప్పుడల్లా బండి ముందు బ్లేడు పెట్టి దారి తీసుకునే ఓపిక ఉంటే, టైర్లకి చెయిన్లు చుట్టుకుంటే చాలు. గాలికి మంచు కొట్టుకొచ్చి మేటలు వేసే దారి అయితే, ఉదయం తీసింది మధ్యాహ్నానికి పూడిపోయే చోటు అయితే, అప్పుడు ట్రాక్స్ గురించి ఆలోచించు. ఒకసారి వేశాక అది నువ్వు వేసవిలో నడిపిన బండి కాదు. ఇంకో బండి కొన్నట్టే అనుకో.

ట్రాక్స్ ఎందుకు పనిచేస్తాయో లెక్క వేస్తే తెలిసిపోతుంది. బండి, ట్రాక్స్, ఇద్దరు మనుషులు కలిపి 1000 కిలోలనుకో. ఒక్కో ట్రాక్ 30 సెంటీమీటర్ల వెడల్పున, 75 సెంటీమీటర్ల పొడవున నేలని తాకితే నాలుగూ కలిపి 9000 చదరపు సెంటీమీటర్లు. అంటే చదరపు సెంటీమీటరుకి పడే బరువు 110 గ్రాములు. 75 కిలోల మనిషి నడిచేటప్పుడు బరువంతా ఒక్కో అడుగుకీ ఒక్కో బూటు మీద పడుతుంది. బూటు అడుగుభాగం 250 చదరపు సెంటీమీటర్లు వేసుకున్నా 300 గ్రాములు. మంచుకి మనిషికంటే బండే తేలిక. అందుకే బండి పైపైన తేలుతూ పోతున్నా, ఫొటో తీద్దామని కిందికి దూకినవాడు తొడలదాకా దిగిపోతాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకో, బండి ఆగిపోయిన రోజున పనికొస్తుంది.

నాలుగు చక్రాల చోట నాలుగు ట్రాక్స్ అన్న ఆలోచన మరీ పాతదేం కాదు. 1990ల మొదట్లో మిన్నెసోటాలోని కార్ల్‌స్టాడ్ అనే ఊళ్లో మాట్ అనే కుర్రాడు అలాంటి బండి బొమ్మ గీస్తే, తండ్రి గ్లెన్ బ్రేజియర్ దాన్ని ఇనుముతో రబ్బరుతో చేసి చూపించాడు. మ్యాట్‌ట్రాక్స్ కంపెనీ అలా మొదలైంది. తర్వాత క్యామ్సో లాంటి కంపెనీలూ చేశాయి, పొలారిస్, క్యాన్ ఆమ్ లాంటి బండి కంపెనీలూ తమ పేరు మీద అమ్ముతున్నాయి.

ఇక నీ వాడిన సెట్టు. ట్రాక్స్ వేరు, వాటిని నీ బండికి కట్టే బ్రాకెట్ల కిట్ వేరు. కొత్తవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. నాలుగు ట్రాక్స్ ఏ బండివైనా చూడ్డానికి ఒకేలా ఉంటాయి. బ్రాకెట్లు మాత్రం బండి మోడల్‌ని బట్టీ, ఒక్కోసారి తయారైన సంవత్సరాన్ని బట్టీ మారతాయి. అమ్మేవాడు "ఏ బండికైనా సరిపోతాయి" అంటే ట్రాక్స్ సంగతే చెబుతున్నాడని అర్థం. బ్రాకెట్ మీద ఉన్న పార్ట్ నంబర్ చూసి, కంపెనీ పట్టికలో నీ బండి మోడల్, సంవత్సరం పక్కన ఆ నంబరే ఉందో లేదో పోల్చుకో. తర్వాత రబ్బరు చూడు. పళ్ల మొదళ్లలో పగుళ్లు ఉన్నాయా, లోపలి దారాలు బయటికి కనిపిస్తున్నాయా? ట్రాక్ లోపలి చిన్న చక్రాలన్నీ ఒక్కొక్కటే చేత్తో తిప్పు. గరగరమన్నా, ఊగినా బేరింగు పోయినట్టే. బేరింగు మార్చుకోవచ్చు కానీ దారాలు తేలిన రబ్బరుని ముట్టుకోకు. నీ బండికి పవర్ స్టీరింగ్ లేకపోతే మాత్రం అసలు ఈ ఆలోచనే మానుకో. పావుగంట నడిపితే భుజాలు పట్టేస్తాయి.

బిగించే పని చదునైన గచ్చు మీద పెట్టుకో. జాక్ మీద ఎత్తి వదిలేయకుండా స్టాండ్ల మీద నిలబెట్టు. ఒక్కో ట్రాక్ దాదాపు 50 కిలోలు ఉంటుంది, మీద పడితే కాలు విరుగుతుంది. తోడుగా ఇంకో మనిషిని పిలుచుకో. టైర్లు విప్పాక, చక్రాన్ని బిగించే హబ్‌ని రెండు చేతులా పట్టుకుని పైకీ కిందికీ, పక్కలకీ ఊపి చూడు. కొంచెం లూజు ఉన్నా ట్రాక్ వేశాక అది పెద్దదవుతుంది. బేరింగులు, బాల్ జాయింట్లు, స్టీరింగ్ రాడ్ల చివర్లు ఏవి మార్చాలన్నా ఇప్పుడే మార్చెయ్. ట్రాక్ ఏది కుడి, ఏది ఎడమ, రబ్బరు ఎటు తిరగాలో బాణం గుర్తు ఉంటుంది. నట్లు మాన్యువల్లో చెప్పినంత తిప్పే బలంతో, అంటే ఆ టార్క్‌తో, టార్క్ రెంచ్ టక్‌మనే దాకా, ఎదురెదురుగా బిగించు. గంటసేపు నడిపాక మళ్లీ ఒకసారి చూడు. ఈ రెండోసారి చూడడం నూటికి తొంభై మంది ఎగ్గొడతారు.

అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. చక్రాన్ని హబ్ తిప్పితే చక్రం తిరుగుతుంది. ట్రాక్‌లో హబ్ తిప్పాల్సింది లోపలి పళ్ల చక్రాన్ని మాత్రమే, చక్రాలన్నిటినీ మోసే ఫ్రేము దాంతో పాటు తిరగకూడదు. ఫ్రేముకి అది తెలియదు కదా, హబ్‌తో పాటు తనూ గిర్రున తిరిగిపోదామని చూస్తుంది. దాన్ని పట్టి ఉంచేదే యాంటీ రొటేషన్ ఆర్మ్. ఒక చివర ట్రాక్ ఫ్రేముకి, ఇంకో చివర బండి సస్పెన్షన్‌కి బిగించిన బ్రాకెట్‌కి. మధ్యలో రబ్బరు ముక్కలు, పొడవు సరిచేసుకోవడానికి ఒక బోల్టు. ఆ బోల్టుని బట్టే ముందు ట్రాక్ ముక్కు ఎంత పైకి లేచి ఉండాలో తేలుతుంది. ముక్కు మరీ దిగితే మంచులోకి దూరుతుంది. మరీ లేస్తే నేలమీద ఆనేది తగ్గిపోయి, గుంటలో పడ్డప్పుడు వెళ్లి బాడీకి తగులుతుంది.

నా కథ ఇదే. నాలుగు ట్రాక్స్ ఎక్కించేసరికి సాయంత్రం నాలుగైంది. బోల్టు కంటికి నదురుగా అనిపించిన చోట వదిలేశాను. చదును నేలమీద బండి వెన్నలా నడిచింది. ఇంటికి కిలోమీటరు దూరంలో మొదటి మేట వచ్చింది, నడుమెత్తు. ముందు ట్రాక్స్ దాన్ని ఎక్కకుండా అడుగున దూరాయి. స్టీరింగ్ చేతిలోంచి విదిలించుకుని పక్కకి తిరిగిపోయింది. రివర్స్ వేశాను. వెనక ట్రాక్స్ వెనక అంచులు కూడా దిగిపోయాయి. ఇంకొంచెం గ్యాస్ కొట్టాను. ట్రాక్స్ తమ కింద తామే గొయ్యి తవ్వుకుని, బండి పొట్ట మీద కూర్చుంది. ఇంటికి నడిచిన ఆ కిలోమీటరుకి గంట పైనే పట్టింది. మర్నాడు పారతో తవ్వి, తాడు చుట్టి లాగే వించ్‌తో లాగి ఇంటికి తెచ్చాక చూస్తే, బోల్టు సగం అంగుళం తేడాలో ఉంది. అంతే.

కాబట్టి ఆ బోల్టు దగ్గర కూర్చో. మనిషి సీట్లో ఉండగా, బండి నేలమీద ఉండగా మాన్యువల్లో కొలత ఎంతో అంత పెట్టు. స్టీరింగ్ పూర్తిగా ఎడమకీ, పూర్తిగా కుడికీ తిప్పి, ట్రాక్‌కీ బాడీకీ మధ్య చెయ్యి దూరుతుందో లేదో చూడు. మడ్‌ఫ్లాప్‌లు తగిలితే తీసెయ్. ముందు రెండు ట్రాక్స్ ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయో లేదో ముందువైపూ వెనకవైపూ టేపుతో కొలువు.

టెన్షన్ అంటే నీకు వచ్చే టెన్షన్ కాదు, రబ్బరు బిగువు. బండిని పైకెత్తి, కింది వరసలో రెండు చక్రాల మధ్య రబ్బరుని నొక్కితే ఎంత జారుతుందన్నది కొలత. ఎంత నొక్కాలో, ఎంత జారాలో కిట్టుకో రకం. వదులైతే పళ్లు దాటిపోయి టకటకమంటుంది, మలుపులో ఊడి పక్కకి వస్తుంది. బిగువైతే బేరింగులు తినేస్తుంది, ఇంజన్ శక్తి సగం రబ్బరుతో కుస్తీకే పోతుంది. కొత్త రబ్బరు మొదటి కొన్ని గంటల్లో సాగుతుంది, మళ్లీ బిగించు. లోపలి పళ్లు ఒకవైపే అరిగి నున్నగా మెరుస్తుంటే ట్రాక్ వంకరగా తిరుగుతున్నట్టు.

నడపడం దగ్గర టైర్ల నాటి అలవాట్లు వదిలించుకోవాలి. 27 అంగుళాల టైరు ఒక చుట్టుకి సుమారు 215 సెంటీమీటర్లు ముందుకు తీసుకెళ్తుంది. ట్రాక్ లోపలి పళ్ల చక్రం దానికంటే చిన్నది, ఒక చుట్టుకి అంత దూరం పోదు. మీటరు టైరు లెక్కే చూపిస్తుంది కాబట్టి అసలు వేగం అందులో కనిపించేదానికంటే తక్కువ. బండి నెమ్మదించిందని కంగారుపడకు. లోతు మంచులో లో గేర్ వేసుకో, లేకపోతే ఇంజన్ శక్తిని గేర్లకి అందించే బెల్ట్ వేడెక్కి కాలుతుంది. స్పేర్ బెల్ట్, దాన్ని మార్చే పనిముట్లు, పార బండిలోనే ఉండాలి. పెట్రోలు బాగా ఎక్కువ తాగుతుంది, తిరిగొచ్చే దారికి కూడా చూసి పోసుకో. మలుపు వెడల్పుగా తీసుకో. పక్క వాలు మీద అడ్డంగా పోకు. వెనక్కి రావాల్సి వస్తే నీ జాడలోనే రా.

ట్రాక్స్ తిరగడం మొదలై బండి కదలకపోతే గ్యాస్ వెంటనే వదిలెయ్. దిగి ముందున్న మంచుని కాళ్లతో తొక్కి గట్టిపరిచి, ఒక అరగంట ఆగు. కదిపిన మంచులో రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడతాయి. అందుకే నిన్న నువ్వు వెళ్లిన జాడ ఇవాళ రోడ్డులా ఉంటుంది. నీ రెండు కిలోమీటర్ల దారికి ఇదే మంచి ఉపాయం. మంచు పడ్డ ప్రతిసారీ ఒకసారి అటూ ఇటూ తిరిగిరా, చలికాలమంతా అడుగున గట్టి దారి తయారవుతుంది.

ఇంటికొచ్చాక బండిని అలాగే వదిలేసి లోపలికి పరిగెత్తకు. ట్రాక్స్ లోపల ఇరుక్కున్న మంచు రాత్రికి గడ్డకట్టి రాయవుతుంది. పొద్దున్నే డ్యూటీకి టైమవుతోందని గ్యాస్ కొడితే ట్రాక్స్ కదలవు, బెల్ట్ మాత్రం మాడుతుంది. ఆ వాసన ఒకసారి పీల్చినవాడు జన్మలో మర్చిపోడు. కాసేపు ముందుకీ వెనక్కీ నడిపి మంచు రాలగొట్టి, చెక్క పలకల మీద నిలుపు. పొద్దున పట్టేస్తే ఒక్కో మూల జాక్ మీద ఎత్తి గడ్డలు రాలగొట్టు. మంచు లేని గట్టి రోడ్డు మీద దూరం నడపకు, రబ్బరు వేడెక్కి పళ్లు అరుగుతాయి. అసలు రోడ్డు మీద, స్నోమొబైల్ దారుల మీద ట్రాక్స్ బండిని రానిస్తారో లేదో మీ ప్రాంతం నిబంధనలు చూసుకో. ఇన్సూరెన్స్ వాళ్లకీ ఒక మాట చెప్పు.

చెరువు గడ్డకట్టింది కదా, అడ్డంగా పోతే దగ్గర అనిపిస్తుంది. తేలేది మంచు మీదే, ఐస్ మోసేది మాత్రం మొత్తం బరువు. మిన్నెసోటా సహజవనరుల శాఖ ఇచ్చే పట్టికలో సైడ్ బై సైడ్ బండికి 7 నుంచి 8 అంగుళాల తాజా, స్వచ్ఛమైన ఐస్ ఉండాలి. తెల్లగా ఉన్న ఐస్ అయితే దానికి రెట్టింపు. ట్రాక్స్ బరువు కూడా కలిసింది కాబట్టి డ్రిల్లు వేసి కొలవకుండా అడుగు పెట్టకు.

ఇంతకీ నీ శనివారం సంగతి. శుక్రవారం సాయంత్రమే వెళ్లి ఆ బ్రాకెట్ల నంబర్లు ఫొటో తీసుకుని, నీ బండి మోడల్‌తో పోల్చుకో. కలిస్తే శనివారం ట్రాక్స్ ఎక్కించు, ఆదివారం పొద్దున ఆ బోల్టు, టెన్షన్ చూసుకో. మొదటిసారి నడిపేది ఇంటి కిటికీలోంచి బండి కనిపించేంత దూరంలోనే.