పికప్‌కి సైడ్ స్టెప్పులా? షాపుకి మీ అమ్మగారిని తీసుకెళ్లండి

"డబుల్ క్యాబిన్ పికప్ తీసుకున్నా, సైడ్ స్టెప్పులు రౌండ్ పైపువి మంచివా ఫ్లాట్ బోర్డువా, స్టీలా బ్లాకా" అని అడిగారు కదా, అదే, బండెక్కడానికి డోర్ల కింద బిగించే మెట్ల గురించి. బ్రదర్, నేను రెండూ వేయించి ఒకసారి డబ్బులు తగలేసుకున్నోడిని కాబట్టి చెప్తున్నా, ఫ్లాటే. ఇంకో మాట లేదు.

మాది గుంటూరు, పొలం ప్రత్తిపాడు వైపు. సెకండ్ హ్యాండ్‌లో వీక్రాస్ తీసుకున్నా, అదే మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు. తీసుకున్న వారానికే విజయవాడ ఆటోనగర్ వెళ్లి మూడంగుళాల స్టీలు రౌండ్ పైపులు బిగించుకొచ్చా. ఎందుకంటే మెరుస్తున్నాయి, అంతే. షాపతను జేబులోంచి అయస్కాంతం తీసి పైపుకి ఆనించి "చూడన్నా, పట్టట్లా, అసలు సిసలు 304" అన్నాడు (304 అంటే తొందరగా తుప్పు పట్టని మేలురకం స్టెయిన్‌లెస్ స్టీలు గ్రేడు), నేను తలకాయ ఊపా. తర్వాత తెలిసిందేంటంటే 202 గ్రేడుకి కూడా అయస్కాంతం పట్టదంట! 202లో నికెల్ తక్కువ, తొందరగా తుప్పు పట్టుద్ది. కాబట్టి అయస్కాంతం చూసి మోసపోకండి, బిల్లు మీద గ్రేడు రాయించుకోండి, రాయనంటే లేచి వచ్చేయండి.

సరే అసలు సంగతి. మిరప కోతలప్పుడు వాన పడింది, కల్లంలో కాయల మీద పట్టాలు కప్పేసి అందరం బండి దగ్గరికి పరిగెత్తాం. మా నల్లరేగడి సంగతి తెలుసుగా, నాలుగు అడుగులేస్తే చెప్పుకి కిలో మట్టి. అమ్మ ఒక చేత్తో చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఇంకో చేత్తో డోరు పట్టుకుని వెనక సీటుకి ఎక్కబోయింది. ఆ పైపు మీద కాలు పెట్టుకోడానికి రబ్బరు ముక్క ఉంది గానీ, అది అమ్మ కాలు పడే చోటికి జానెడు ముందుంది. కాలు ఉత్త స్టీలు మీద పడింది, పైపు గుండ్రం, చెప్పుకి బురద, సర్రున జారి మోకాలి కింద ఎముక ఆ పైపుకే కొట్టుకుంది. చర్మం లేచిపోయింది. నేను కంగారుపడతా ఉంటే "ఒరే, నీ బండికేమన్నా సొట్ట పడిందేమో చూసుకోరా ముందు" అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటది నాకు.

ఆదివారం నాడు ఇంటి ముందు బండి పెట్టి, డోరు పక్కన ఇటుకలు పేర్చి అమ్మని ఎక్కమన్నా. ఒక వరస, రెండు వరసలు, మూడు వరసలు. డోరు గడప నేలకి అడుగున్నర పైనే ఉంది. అమ్మకి ఏ ఎత్తు దగ్గర మోకాలు నొప్పి లేకుండా కాలు లేచిందో అక్కడ టేపు పెట్టి కొలిచా. మరీ కిందకి దించితే డొంకదారిలో గట్లకి తగులుద్ది, ఊళ్లల్లో ఎవడిష్టమొచ్చినట్టు వాడు పోసుకున్న స్పీడు బ్రేకర్లకి తగులుద్ది (పక్క ఊళ్లో ఒకటుంది, అది బ్రేకర్ కాదు, ప్రహరీ గోడ). ఇంకా పైకి పెడితే అది స్టెప్పే కాదు, అలంకారం. ఆ కొలత కాగితం మీద రాసుకుని ఈసారి గుంటూరులోనే, ముందు సీటు నుంచి వెనక డోరు చివరిదాకా ఒకే పలక వచ్చేది, దాదాపు జానెడు వెడల్పు, మీద చిల్లులున్నది వేయించా. చిల్లులు ముఖ్యం, బురద కిందకి రాలిపోయిద్ది, నీళ్లు నిలవవు. మొత్తం మూసేసిన రబ్బరు మ్యాటు వద్దు, మన మట్టికి అది పేడకుప్పలాగా తయారవుద్ది.

బిగించేటప్పుడు పక్కనే నిలబడండి. మొదట వెళ్లిన షాపులో "వెల్డింగ్ కొట్టేస్తే జన్మలో ఊడదు" అన్నాడు. ఛాసిస్‌కి, అంటే బండి మొత్తాన్ని మోసే కింది ఇనప చట్రానికి, వెల్డింగ్ ఒప్పుకోకండి, వేడికి అక్కడ ఇనుము బలం పోయిద్ది. కంపెనీ ఇచ్చిన చిల్లులుంటాయి, వాటికే నట్టుబోల్టు, పక్కకి మూడు బ్రాకెట్లు. రెండే వేస్తే లావుపాటి మనిషి ఎక్కినప్పుడు మధ్యలో ఉయ్యాల ఊగుద్ది. ఆ స్టెప్పు కింద జాకీ మాత్రం పెట్టకండి, మా బావమరిది పెట్టాడు, వంగింది.

షాపోళ్లు పనిలో పనిగా ముందుకి బుల్ గార్డు (బంపరు ముందు బిగించే లావు పైపుల చట్రం) కూడా అంటారు, వద్దు. 2017 డిసెంబర్లోనే కేంద్రం అవి చట్టవిరుద్ధం అని రాష్ట్రాలకి రాసింది, పైగా గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగు సరిగ్గా పనిచేయకపోవచ్చు. అయినా హైవే మీద చూడండి, రెండు బండ్లకొకటి కనపడుద్ది.

రేటెంతంటే చెప్పలేను, బేరం మీద ఉండిద్ది. నా పాత పైపులు కావాలంటే మాత్రం ఇవ్వను, పెరట్లో దొండపాదు పందిరికి కట్టేశాం. వెల్డింగ్ అతుకుల దగ్గర అప్పుడే డికాషన్ రంగు తిరిగింది. 304 అంట.