చదివింపుల్లో రాసుకున్న అప్పు

ప్రశ్న: మాది వేళచ్చేరి. 2015 డిసెంబర్‌లో ఇల్లు నడుంలోతు మునిగింది. మళ్ళీ 2023లో మిచాంగ్ తుఫానుకి మునిగింది. రెండుసార్లూ ఫ్రిజ్జు, పరుపులు పోయాయి, మా అత్తగారి బీరువా కూడా పోయింది. వాతావరణ మార్పుల వల్ల నష్టపోయినవాళ్ళ కోసం ప్రపంచ దేశాలన్నీ కలిసి ఒక నిధి పెట్టాయని చదివాను. అందులోంచి మాకేమైనా వస్తుందా? ఎక్కడ అప్లై చెయ్యాలి? అడిగితే మా అబ్బాయి నవ్వుతున్నాడు.
— ఒక గృహిణి, చెన్నై

జవాబు: నవ్వనివ్వండమ్మా, మీరడిగింది నవ్వే ప్రశ్న కాదు. అప్లై చెయ్యడానికి మాత్రం ఏమీ లేదు, ఆ నిధి దేశాల కోసం పెట్టింది, మనిషికింత అని పంచేది కాదు. పైగా మీ రెండు వరదలూ సరిగ్గా దేశాలన్నీ ఏటా కూర్చునే ఐక్యరాజ్యసమితి వాతావరణ సమావేశాలు జరుగుతుండగానే వచ్చాయి, గమనించారా? అడయారు పొంగినప్పుడు పారిస్‌లో చర్చలు నడుస్తున్నాయి. 2023 నవంబర్ 30న, దుబాయ్ సమావేశం మొదటిరోజే, మీరు చెప్పే నష్టనిధికి చప్పట్ల మధ్య ఆమోదం తెలిపారు, వారం తిరక్కుండానే మీ హాల్లోకి నీళ్ళొచ్చాయి. అక్కడ దేశాలు ఇస్తామన్నదంతా కలిపితే 70 కోట్ల డాలర్ల చుట్టుపక్కల తేలింది, అదీ ప్రపంచంలో మునిగేవాళ్ళందరికీ కలిపి.

అసలు పెద్ద లెక్క వేరే ఉంది. 2020 నాటికి ఏడాదికి 10 వేల కోట్ల డాలర్లు సమకూరుస్తామని 2009లో కోపెన్‌హాగెన్‌లో ధనిక దేశాలు మాటిచ్చాయి, వాళ్ళ లెక్కల ప్రకారమే అది నెరవేరింది 2022లో. ఎలా నెరవేరిందో చూడండి. మన పెళ్ళిళ్ళలో చదివింపులు తెలుసుగా, మైకు పట్టుకుని 'మేనమామగారు పదివేల నూటపదహార్లు' అని గట్టిగా చదువుతారు. అందరూ ఆహా అనుకుంటారు. ఆర్నెల్లయ్యాక ఆ మేనమామే వచ్చి అసలూ వడ్డీ ఎప్పుడిస్తావురా అంటే ఎలా ఉంటుంది? ప్రభుత్వాల నుంచీ అభివృద్ధి బ్యాంకుల నుంచీ వచ్చిన ఆ సొమ్ములో పదింట ఏడు వంతుల దాకా అప్పే.

మీ ఊళ్ళోనే చూడండి. ఉత్తర చెన్నైలో కొసస్తలైయార్ పరివాహకంలో, అదే మన చిత్తూరు వైపు కుశస్థలి అంటారే ఆ నది, వరద కాలువలు కట్టడానికి ఆసియా అభివృద్ధి బ్యాంకు 2021లో 25.1 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. మంచి పనే, కాదనను. కానీ అది అప్పు, తీర్చేది మనం. గాలిలో పొగ నింపింది ఎక్కువగా వాళ్ళు, కాలువకి వాయిదాలు కట్టేది మనమూనా?

2024లో బాకూ సమావేశంలో కొత్త అంకె చెప్పారు, 2035 నాటికి ఏడాదికి 30 వేల కోట్ల డాలర్లని. వర్ధమాన దేశాలు అడిగింది 1.3 లక్షల కోట్ల డాలర్లు. ఒప్పందం ఆమోదమైపోయినట్టు సుత్తి కొట్టేశాక మన దేశం తరఫున చాందినీ రైనా లేచి, ఇది కంటికి భ్రమ తప్ప మరోటి కాదని మొహమ్మీదే చెప్పేశారు. అందులో గ్రాంటు ఎంతో అప్పు ఎంతో విడిగా రాయలేదు, నా కోపమంతా అక్కడే.

అన్నట్టు, మీ పేట మునగడానికి వాతావరణం ఒక్కటే కారణం కాదమ్మా. పళ్ళికరణై చిత్తడి నేలని పూడ్చి అపార్ట్‌మెంట్లు కట్టినందుకు పారిస్ వాళ్ళని తిట్టలేం.

ప్రశ్న: చైనా అంత డబ్బున్న దేశం, మనం కూడా ఎదిగాం. మనమూ ఇవ్వాలి కదా?
— ఇంజినీరింగ్ విద్యార్థి, తాంబరం

జవాబు: ఇవ్వాల్సిన వాళ్ళ జాబితా 1992 నాటి ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందంలో రాసింది, అందులో చైనా లేదు, మనమూ లేం. బాకూలో ఇష్టముంటే ఇవ్వండి అని మాత్రమే అన్నారు. చైనా మీద ఒత్తిడి న్యాయమేనని నాకూ అనిపిస్తుంది. మన సంగతి వేరు, తలసరి ఉద్గారాల్లో ప్రపంచ సగటులో సగం కూడా లేం.

ప్రశ్న: ఈ డబ్బు తెలుగు నేలకి ఒక్క రూపాయైనా చేరిందా?
— పెరంబూర్ నుంచి ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి

జవాబు: చేరిందండీ, అదీ చెన్నై మీదుగా. 2014లో అడాప్టేషన్ ఫండ్ (వాతావరణ మార్పులకి తట్టుకునే పనులకిచ్చే అంతర్జాతీయ నిధి) నుంచి మన వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డ్ ద్వారా కృష్ణా జిల్లా తీరానికి దాదాపు 6.9 లక్షల డాలర్లు మంజూరయ్యాయి, పని చేసింది మన తరమణిలోని స్వామినాథన్ పరిశోధనా సంస్థ. ఉప్పుతేరి ఎండిపోయిన మడ నేలలో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వుతారు, పోటుకి సముద్రపు నీరు లోపలికి వచ్చి ఆటుకి వెళ్ళిపోతుంది, అలా నేల మళ్ళీ మొక్క పట్టే స్థితికి వస్తుంది. పక్కనే చేపల చెరువుల గట్ల మీద కూడా మడ మొక్కలు నాటే పద్ధతి పెట్టారు, తుఫానుకి అడ్డూ ఉంటుంది, చేపలూ ఉంటాయి. అప్పటి ధరలో నాలుగు కోట్ల రూపాయల పైచిలుకు అంతే. కాకపోతే అది గ్రాంటు, ఎవరికీ తిరిగి కట్టక్కర్లేదు.