పీహెచ్‌డీలో చేరినవాళ్లు మధ్యలో మాయం కాకుండా డిపార్ట్‌మెంట్ ఏం చేయగలదు?

మీ డిపార్ట్‌మెంట్‌లో గత ఆరేళ్లలో పీహెచ్‌డీకి చేరినవాళ్లలో సగం మంది కనిపించకుండా పోయారని, కొత్తగా చేరిన మీ మీదే హెచ్‌ఓడీ గారు ఆ బాధ్యత పెట్టారని రాశారు. మోటివేషన్ లెక్చర్ పెట్టిద్దామా, వాట్సాప్ గ్రూపు చేద్దామా అని అడిగారు. రెండూ నేను చేసి చూసినవే. లెక్చర్‌కి వచ్చినవాళ్లంతా మానేసే ఆలోచన లేనివాళ్లు. మానేద్దామనుకున్నవాడు ఆ రోజు ఊళ్లో ఉన్నాడు. ఇక గ్రూపంటారా, మొదటి వారం సందడి, రెండో వారం నుంచి గులాబీ పువ్వులతో గుడ్ మార్నింగులు, నెల తిరిగేసరికి సర్క్యులర్ల పీడీఎఫ్‌లు తప్ప ఇంకేం లేవు.

నా సంగతి చెబితే ఎందుకిలా అంటున్నానో అర్థమవుతుంది. యూనివర్సిటీ పేరు చెప్పను. 2014లో ఎకనామిక్స్‌లో జేఆర్‌ఎఫ్‌తో (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) చేరాను. టాపిక్ కౌలు రైతుల అప్పులు. మూడో ఏడాదిలో మానేశాను. మానేశానంటే కాగితం పెట్టి కాదు. ఎవరూ కాగితం పెట్టి మానేయరు. దసరాకి ఇంటికి వెళ్లాను, తిరిగి రాలేదు, అంతే.

దానికి ముందు రెండు జరిగాయి. ఒకటి, మొదటి చాప్టర్ మా గైడ్ గారికి ఇచ్చాను. మనిషి మంచివారే, కానీ అప్పుడు యూనివర్సిటీలో ఇంకో పెద్ద పదవి కూడా ఆయనదే. "పెట్టు, చూస్తా" అన్నారు. నాలుగు నెలల తర్వాత ఏదో సంతకానికి వెళితే నా చాప్టర్ ఆ టేబుల్ మీదే, అదే చోట ఉంది. పై పేజీ మీద టీ గ్లాసు అడుగు గుండ్రంగా అచ్చుపడి ఉంది. ఒకటి కాదు, మూడు. రెండోది డబ్బు. జేఆర్‌ఎఫ్ రెండేళ్లు నిండాక ఎస్‌ఆర్‌ఎఫ్‌గా (సీనియర్ ఫెలోషిప్) మారాలంటే బయటి నిపుణుడితో కమిటీ కూర్చోవాలి. మాకు ఆ కమిటీ కూర్చోలేదు, కాగితం వెళ్లలేదు, ఫెలోషిప్ ఆగింది. మెస్ బాకీ పెరిగింది. నింపిన సర్వే షెడ్యూళ్లు బియ్యం సంచిలో కట్టి హాస్టల్ మంచం కిందికి తోసి బస్సెక్కాను.

ఊళ్లో మా మేనమామకు ఎరువుల కొట్టు ఉంది. అక్కడ లెక్కలు చూసే పని దొరికింది. కౌలు రైతుల అప్పుల మీద థీసిస్ రాయాల్సినవాణ్ని ఖాతా బుక్కులో వాళ్ల పేర్ల కిందే అప్పులు రాస్తూ కూర్చున్నాను. నాలుగు నెలలు డిపార్ట్‌మెంట్ నుంచి ఒక్క ఫోన్ లేదు. నేను కూడా చేయలేదు. ఏమని చేస్తాను? చేస్తే మొదటి మాట "చాప్టర్ ఎంతవరకు వచ్చింది" అనే కదా.

చివరికి ఫోన్ చేసింది మా ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్ మేడమ్. "ఏం బాబూ, కంటిన్యుయేషన్ ఫారం మీద సంతకం చెయ్యవా? నీ ఒక్కడి వల్ల మొత్తం లిస్టు ఆగింది. రేపొచ్చి చేసిపో" అని కోప్పడింది. ఆమె నా మీద ప్రేమతో చేయలేదు, ఆమె ఫైలు పెండింగ్‌లో ఉంది. కానీ నాకు కావలసింది సరిగ్గా అదే. నా చాప్టర్ గురించి ఎవరూ అడగకుండా, నేను తలదించుకోవలసిన పని లేకుండా, క్యాంపస్‌లో కాలు పెట్టడానికి ఒక సాకు. సంతకానికని వెళ్లాను. పక్క గదిలో సీనియర్ ఒకన్న కనిపించి క్యాంటీన్‌కి లాక్కెళ్లాడు. ఆ రాత్రి హాస్టల్లోనే పడుకున్నాను. 2020లో థీసిస్ ఇచ్చాను.

అందుకే నా మాట ఇది. స్కాలర్లు పరిశోధన కష్టమై పోవడం తక్కువ. ఒక నెల పని జరగదు, మొహం చూపించడానికి సిగ్గేస్తుంది, రెండో నెల రారు, మూడో నెలకి ఆ సిగ్గు ఇంకా పెరుగుతుంది. ఆ దశలో "చాప్టర్ ఏది" అని మెసేజ్ పెట్టారంటే మనిషి ఇంకా లోపలికి ముడుచుకుంటాడు. వేరే ఏదైనా పని చెప్పి పిలవాలి. ఎమ్మే పిల్లలకి ఒక ట్యుటోరియల్ తీసుకోమనండి, వైవా రోజు బయటి ఎగ్జామినర్‌కి గెస్ట్‌హౌస్ చూడమనండి, లేదా ఏదో ఫారం మీద సంతకం కావాలనండి. (బ్యాంకులో మీ చెక్కు వేసి రమ్మనకండి. ఆ రకం గైడ్‌లు మనకి కావలసినంత మంది ఉన్నారు.)

ఎవరు జారిపోతున్నారో ముందే తెలుస్తుంది, చూసే కళ్లుండాలి. రీడింగ్ హాల్లో మనిషి అదే కుర్చీలో ఉంటాడు, ముందున్న పుస్తకం మారుతుంది. జర్నల్ ప్రింటవుట్ల చోట గ్రూప్-2 పాలిటీ పుస్తకం వస్తుంది. దాన్ని నేను తప్పు పట్టను. ఇరవై తొమ్మిదేళ్లవాడు, ఇంట్లో చెల్లి పెళ్లి ఉన్నవాడు నోటిఫికేషన్ చూడక ఏం చేస్తాడు? కానీ అది కనిపించిన రోజే కూర్చోబెట్టి మాట్లాడాలి. రెండూ చేస్తావా, ఒకటి ముందు చేస్తావా, ఎన్ని నెలలు అని. దొంగతనంగా చదవాల్సిన పని లేదని తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇప్పుడు నేను ఇంకో యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం మన స్థాయికి నలుగురు స్కాలర్లకి మించి ఉండకూడదు. నాకు నలుగురూ ఉన్నారు. మా డిపార్ట్‌మెంట్ ఆఫీసు గోడ మీద ఒక చార్టు అంటించాను. స్కాలర్ పేరు, చేరిన తేదీ, ఫెలోషిప్ ఏది, రెండేళ్లు నిండే తేదీ, స్కాలర్ పని ఎంతవరకు వచ్చిందో చూసే రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ చివరిసారి కూర్చున్న తేదీ, పీహెచ్‌డీ గడువైన ఆరేళ్లు ముగిసే తేదీ. అంతే. రెండేళ్లు నిండడానికి మూడు నెలల ముందే బయటి నిపుణుడికి ఉత్తరం వెళ్లాలి. జేఆర్‌ఎఫ్‌కి నెలకి 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్‌కి 42,000 అని కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ ప్రతి నెలా యూనివర్సిటీ వైపు నుంచి ఒకరు పోర్టల్‌లో ఎంట్రీ వేసి, ఇంకొకరు దాన్ని ఆమోదిస్తేనే డబ్బు కదులుతుంది. ఆ ఇద్దరిలో ఒకరు సెలవు పెడితే ఇక్కడ హాస్టల్లో పది మంది అప్పు చేస్తారు. మీరు ఒక్క పనే చేయగలిగితే, నెలాఖరున ఆ సీటు దగ్గరికి వెళ్లి "మావాళ్లవి వెళ్లాయా" అని అడిగి రండి. ఎవరూ మెచ్చుకోని పని, కానీ లెక్చర్ కన్నా వంద రెట్లు నయం.

నెట్ (ఫెలోషిప్ తెచ్చే జాతీయ పరీక్ష) లేనివాళ్ల గోడు వేరు. సెంట్రల్ యూనివర్సిటీల్లో నాన్-నెట్ ఫెలోషిప్ అని నెలకి 8,000 ఇస్తారు, ఏళ్ల తరబడి అదే అంకె. రాష్ట్ర యూనివర్సిటీల్లో చాలామందికి అదీ లేదు. వాళ్లు ఉదయం ఏదో డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పి మధ్యాహ్నం మన దగ్గరికి వస్తారు. అలాంటివాళ్ల సెమినార్ పదింటికి పెట్టి "అటెండెన్స్ లేదు" అంటే ఎలా? మాకు సెమినార్ నాలుగు గంటలకి మార్చడానికి ఏడాది పట్టింది. ఒక సీనియర్ ప్రొఫెసర్ గారికి నాలుగున్నరకి బస్సు ఉండేది.

ఇంగ్లీషు గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే దీన్ని ఎవరూ కారణంగా రాయరు. నా దగ్గర చేరిన ఒకమ్మాయి డిగ్రీ దాకా తెలుగు మీడియం. ఫీల్డ్‌లో ఆమెకి సాటి లేదు. నేను వెళితే "సారూ, లోన్ వస్తదా?" అని అడిగే రైతులు, ఆమె వెళితే వడ్డీ లెక్క దాచకుండా చెప్పేవాళ్లు. మొదటి చాప్టర్ పట్టుకొచ్చింది. చదివాను. "వ్యవసాయాభివృద్ధిలో రుణం కీలక పాత్ర పోషిస్తుంది" అన్న మాటనే ఇంగ్లీషులో నలభై పేజీలు తిప్పి తిప్పి రాసి ఉంది. సాఫ్ట్‌వేర్‌లో వేస్తే 38 శాతం కాపీ అని వచ్చింది. 10 శాతం దాటితే థీసిస్ వెనక్కి వస్తుందని ఆమెకి తెలుసు. తర్వాత ఆరు వారాలు కనిపించలేదు.

వచ్చాక ఆమె ఫీల్డ్ నోట్‌బుక్ అడిగాను. అది తెలుగులో ఉంది. ఒక పేజీలో ఇలా ఉంది: "కౌలు కాగితం లేదు గనక బ్యాంకు లేదు. బ్యాంకు లేదు గనక ఎరువుల కొట్టు. ఎరువుల కొట్టులో అప్పు గనక పంట కూడా వాళ్లకే." థీసిస్ మొత్తం ఆ మూడు వాక్యాల్లో ఉంది. ఇక నుంచి చాప్టర్ తెలుగులోనే రాసి తీసుకురమ్మన్నాను. రాయడం కుదరకపోతే ఫోన్లో మాట్లాడి రికార్డు చేయమన్నాను. దాన్ని ఇంగ్లీషులోకి మార్చడం తర్వాతి పని. ఒక్కో పేరా, చిన్న వాక్యాలు. నేను ఎర్ర పెన్ను వాడటం మానేశాను. పెన్సిల్‌తో ఒక పేజీలో మూడు తప్పులే గుర్తు పెడతాను, మిగతావి తర్వాతి సారి. రెండో ఏడాదికల్లా ఆమె వాక్యాలు నావాటికన్నా సూటిగా ఉన్నాయి. మీ దగ్గర మాయమైన సగం మందిలో ఇలాంటివాళ్లు ఎందరున్నారో ఒకసారి చూడండి.

వారానికోసారి కలవడం గురించి మీకు అందరూ చెబుతారు. మేం గురువారం సాయంత్రం కూర్చుంటాం. పీపీటీ నిషేధం. ఒక్కొక్కరు ఆ వారం చదివింది, రాసింది, లేదా ఎందుకు ఏమీ చేయలేదో ఐదు నిమిషాలు చెబుతారు. "ఏమీ చేయలేదు సర్" అన్నా టీ ఇస్తాం. మొదట్లో నేను కూడా నా పేపర్ రిజెక్ట్ అయిన సంగతి చెబితే తప్ప ఎవరూ నోరు విప్పలేదు.

ఆడపిల్లల విషయంలో ఒక మాట. పెళ్లయ్యో, కడుపుతోనో ఉన్నప్పుడు సీటు పోయిందనుకుని ఇంట్లో ఉండిపోయినవాళ్లని ఇద్దరిని చూశాను. 2022 నిబంధనల్లో 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉంది. గడువులో రెండేళ్ల అదనపు వెసులుబాటు కూడా ఉంది. చేరిన రోజే, అందరికీ, మగపిల్లల ముందే ఇది చెప్పండి. అవసరం వచ్చాక వాళ్లు వచ్చి అడగరు, ఎందుకంటే అప్పటికి అత్తగారింట్లో "ఇంకా ఈ చదువేంటి" అన్న మాట మొదలై ఉంటుంది.

అందరినీ నిలబెట్టుకోవాలని మాత్రం అనుకోకండి. నా మొదటి స్కాలర్‌కి గురుకులంలో ఉద్యోగం వచ్చింది. వెళ్లిపొమ్మన్నాను. పార్ట్‌టైమ్‌కి మార్చుకోవచ్చు, ఉద్యోగమిచ్చినవాళ్ల దగ్గర అభ్యంతరం లేదన్న కాగితం తెచ్చుకో అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. జీతం వచ్చాక మా అందరికీ బిర్యానీ పెట్టించాడు. అతన్ని మీ లెక్కలో డ్రాపౌట్ కింద రాస్తారు కాబోలు.

గైడే సమస్య అయినప్పుడు ఏం చేయాలంటే, మీ స్థాయిలో పెద్దగా ఏమీ చేయలేరు. నిజం చెబుతున్నాను. అడ్వైజరీ కమిటీ ఆరు నెలలకోసారి కూర్చోవాలని నిబంధన ఉంది, అది చాలాచోట్ల ఒక ఫారం మీద మూడు సంతకాలుగా మిగిలింది. కమిటీలో మీరు సభ్యులుగా ఉన్న స్కాలర్‌తో గైడ్ లేనప్పుడు ఒక పావుగంట విడిగా మాట్లాడండి. అంతకు మించి మొదటి ఏడాదిలోనే తలకెత్తుకుంటే మీ ప్రొబేషన్‌కే ఎసరు.

ఇది రాస్తుండగానే గుర్తొచ్చింది, నా నలుగురిలో ఒకతను వరసగా మూడు గురువారాలు రాలేదు. నిన్న ఫోన్ చేస్తే రెండుసార్లు కట్ చేశాడు, మూడోసారి ఎత్తి "సర్, చాప్టర్ ఇంకా..." అని మొదలుపెట్టాడు. చాప్టర్ నేనడగలేదయ్యా, నీ రెండేళ్లు వచ్చే నెలతో నిండుతున్నాయి, ఎస్‌ఆర్‌ఎఫ్ ఫారం మీద నీ సంతకం లేక ఫైలు ఆగిపోయింది, వచ్చి చేసిపో అన్నాను. ఫారం నిజానికి ఇంకా ప్రింట్ కూడా తీయలేదు. గురువారం వస్తానన్నాడు.