ప్రోటాన్ బీమ్ బ్రెయిన్‌స్టెమ్‌లో ఆగుతుంటే ఆర్‌బీఈ 1.1 సరిపోతుందా?

తమ్ముడూ, చెన్నై ట్రైనింగ్‌లో నువ్వు వేసిన ప్రోటాన్ రేడియేషన్ చికిత్స ప్లాన్‌లో వెనక నుంచి వచ్చే రెండు బీమ్‌లూ బ్రెయిన్‌స్టెమ్‌లోనే (మెదడు కాండంలోనే) ఆగుతున్నాయనీ, అక్కడ 54 గ్రే ఆర్‌బీఈ చూపిస్తోందనీ, మొత్తం డోస్‌ని 1.1 బదులు 1.3తో లెక్కించాలా అనీ అడిగావు. (గ్రే అంటే రేడియేషన్ డోస్ కొలత. ఆర్‌బీఈ అంటే ఎక్స్‌రేలతో పోలిస్తే ప్రోటాన్ ప్రభావం ఎన్ని రెట్లో చెప్పే అంకె; భౌతిక డోస్‌ని దానితో గుణిస్తాం.) వద్దు. ట్యూమర్‌కి 1.1 అలాగే ఉంచు. ఇన్నేళ్ల క్లినికల్ అనుభవం ఆ అంకె మీదే ఉంది. అక్కడ పెంచి లెక్కేస్తే ట్యూమర్‌కి అందే డోస్ తగ్గిపోతుంది.

నీ టెన్షన్ మాత్రం న్యాయమైనదే. ఆర్కే బీచ్‌లో అల ఒడ్డు దగ్గరే విరిగినట్టు, ప్రోటాన్ ఆగే ముందే ఎక్కువ శక్తి వదులుతుంది. అక్కడ ఎల్‌ఈటీ (దారిలో ప్రతి చిన్న దూరానికీ వదిలే శక్తి) పెరుగుతుంది, దాంతో ఆర్‌బీఈ కూడా. 54ని 1.1తో భాగిస్తే భౌతిక డోస్ 49.1 గ్రే. ఆ చివర నిజంగా 1.3 ఉంటే అది దాదాపు 64! డీవీహెచ్‌లో (ఏ అవయవంలో ఎంత భాగానికి ఎంత డోస్ పడుతుందో చూపే గ్రాఫ్‌లో) ఇది కనబడదు.

మార్చాల్సింది బీమ్ కోణాలు. రెండింటి చివరలూ ఒకే చోట పడకూడదు. ఒకదాన్ని పక్క నుంచి తెచ్చి చూడు. తర్వాత మాంటే కార్లో సిమ్యులేషన్‌తో ఎల్‌ఈటీ మ్యాప్ తీసి, ఎల్‌ఈటీ నుంచి ఆర్‌బీఈని అంచనా వేసే మెక్‌నమారా మోడల్‌లో ఆల్ఫా-బీటా నిష్పత్తి (కణజాలం రేడియేషన్‌కి ఎలా స్పందిస్తుందో చెప్పే అంకె) 2 పెట్టి, పాత ప్లాన్‌నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టు. పోల్చడానికే సుమా, ఆ అంకెల్ని ప్రిస్క్రిప్షన్‌లోకి ఎక్కించకు. ఆ మోడల్ సెల్ ప్రయోగాల నుంచి వచ్చింది.

శనివారం సాయంత్రం సిరిపురంలో ఉంటాను. లాప్‌టాప్ పట్టుకురా, ఆ మ్యాప్ కలిసి చూద్దాం.