సివిల్ చదివే అమ్మాయికి సస్టైనబిలిటీ మైనర్ అవసరమా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరు దగ్గర ఒక కాలేజీలో బీటెక్ సివిల్ రెండో సంవత్సరం చదువుతోంది. సస్టైనబిలిటీలో (పర్యావరణానికి నష్టం తగ్గించే పద్ధతులు) మైనర్ తీసుకుంటానంటోంది. చుట్టాలేమో కంప్యూటర్స్ మైనర్ తీసుకోమంటున్నారు. మ్యాథ్స్‌లో ఒక బ్యాక్‌లాగ్ కూడా ఉంది. ఏం చేయమంటారు? - ఒక తండ్రి

జవాబు: ముందు మైనర్ అంటే ఏమిటో చూద్దాం. సొంత బ్రాంచితో పాటు ఇంకో రంగాన్నీ కొంత చదవడం. సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ లెక్కలో మామూలు డిగ్రీ మీద అదనంగా 18 నుంచి 20 క్రెడిట్లు చదవాలి. అంటే నాలుగైదు సబ్జెక్టుల బరువు. ఆ బరువుకు తగ్గ చదువు అందులో ఉందా అన్నదే అసలు ప్రశ్న.

ఎందుకంటే పర్యావరణం పేరుతో మన కాలేజీల్లో ఇప్పటికే ఒక సబ్జెక్టు ఉంది. 2018 ఏఐసీటీఈ నమూనా సిలబస్‌లో అది తప్పనిసరి, కానీ క్రెడిట్లు లేవు. క్రెడిట్ లేని పేపర్‌ను పిల్లలు ఎప్పుడు చదువుతారో మీకు చెప్పక్కర్లేదు, పరీక్ష ముందు రాత్రి! మైనర్ కూడా ఓజోన్ పొర, ఆమ్ల వర్షాల దగ్గరే తిరిగితే వద్దు.

సివిల్‌లో సస్టైనబిలిటీ ఉండేది మిక్స్ డిజైన్‌లో, అంటే కాంక్రీటులో ఏది ఎంత కలపాలో తేల్చే లెక్కలో. ఘనమీటరు ఎం25 రకం కాంక్రీటుకు సుమారు 350 కిలోల సిమెంటు పడుతుందనుకోండి. మామూలు సిమెంటు కిలోకు దాదాపు 0.8 నుంచి 0.9 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. సున్నపురాయిని కాల్చినప్పుడు రాయిలోంచే వచ్చే వాయువు అందులో పెద్ద భాగం. సిమెంటులో 30 శాతం బదులు ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం లాంటి చోట్ల దొరికే ఫ్లైయాష్ (బొగ్గు కాల్చగా మిగిలే సన్నని బూడిద) వేస్తే ఘనమీటరుకు 90 కిలోల దాకా తగ్గుతుంది.

ఇంతవరకు ఎవరైనా చెబుతారు. ఇంజినీరుకు తెలియాల్సింది ఆ తర్వాతి సంగతి. ఫ్లైయాష్ కాంక్రీటుకు మొదట్లో బలం నెమ్మదిగా వస్తుంది. సెంట్రింగ్ విప్పడం ఆలస్యం కావచ్చు, కాంట్రాక్టరు గొణుగుతాడు. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజుల క్యూరింగ్ (తడిగా ఉంచడం) అయితే, దీనికి 10 రోజులు. ఈ బేరీజు నేర్పే మైనరైతే కళ్లు మూసుకుని చేర్పించండి. సిలబస్ కాగితం తెప్పించి లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్ (ఒక వస్తువు తయారీ నుంచి పారేసేదాకా పర్యావరణంపై పడే ప్రభావం లెక్క), భవనాల ఎనర్జీ లెక్కలు, ల్యాబ్, ప్రాజెక్టు ఉన్నాయా చూడండి. చెప్పేది ఏ డిపార్ట్‌మెంట్ వాళ్లో కూడా అడగండి.

ఉద్యోగాల మాట. సెబీ 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలకు పర్యావరణ, సామాజిక బాధ్యతల వివరాలు చెప్పే బీఆర్‌ఎస్‌ఆర్ నివేదిక తప్పనిసరి చేసింది. యూరప్‌కు వెళ్లే ఉక్కు, సిమెంటు, అల్యూమినియంకు కర్బన లెక్క చూపాల్సి వస్తోంది. గ్రీన్ బిల్డింగ్ సంస్థ ఐజీబీసీ హైదరాబాద్‌లోనే ఉంది, దాని అక్రెడిటెడ్ ప్రొఫెషనల్ పరీక్ష తర్వాత రాసుకోవచ్చు. పని పెరుగుతోంది, నిజమే. కానీ ఫ్రెషర్‌ను నేరుగా ‘సస్టైనబిలిటీ ఇంజినీర్’గా తీసుకునేవాళ్లు ఇంకా తక్కువ. ఎక్కువమంది సైట్‌లోనో డిజైన్ ఆఫీసులోనో రెండేళ్లు పనిచేసి ఇటు వస్తారు. అందుకే సివిల్ గట్టిగా రావాలి.

కంప్యూటర్స్ మైనర్ చెడ్డదని అనను. కానీ చుట్టాల కోసం తీసుకున్న 20 క్రెడిట్లు మోయాల్సింది అమ్మాయే కదా. పైథాన్, ఎక్సెల్ మైనర్ లేకుండానే నేర్చుకోవచ్చు, ఈ లెక్కలకూ అవి కావాలి.

ఇక ఆ మ్యాథ్స్ పేపర్. చాలా కాలేజీల్లో బ్యాక్‌లాగ్ ఉంటే మైనర్‌కే అనుమతించరు. ముందు అది రాయించండి. అప్పటికీ సీటు దొరక్కపోతే టెన్షన్ వద్దు, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా ఈ ఫ్లైయాష్ కాంక్రీటుతో టెస్ట్ క్యూబులే (దిమ్మెలు) వేయమనండి. బలం నెమ్మదిగా వస్తుంది కాబట్టి మామూలుగా చేసే 28 రోజులకే ఆపకుండా 56 రోజులకూ టెస్ట్ చేయించమనండి.