గడ్డి మందు స్ఫటికాలు పెంచబోతున్న బిడ్డకు

హనుమకొండ

బిడ్డా స్వాతీ,

గ్లైఫోసేట్ అనే గడ్డి మందుకు రాగి, కాల్షియం కలిపి స్ఫటికాలు పెంచే పని నీకు ఇచ్చారని మీ బాపు ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషమైంది. నర్సంపేట చెలక గట్ల మీద ఆయన కొట్టేది ఆ మందే. బోరు నీళ్లలో కలిపి కొడితే తుంగ చావట్లేదని ఎన్నిసార్లు బాధపడ్డాడో నీకు తెలుసు. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం మందును పట్టేసుకుంటే అది ఆకులోకి సరిగా దిగదు. ఆ పట్టు ఎలా ఉంటుందో కళ్లకు చూపించేది నువ్వు పెంచే స్ఫటికమే.

దుకాణంలో దొరికే సీసా మందుతో మాత్రం మొదలుపెట్టకు. అందులో సాధారణంగా ఉండేది ఐసోప్రొపైల్ అమీన్ లవణం, పైగా ఆకుకు అంటడానికి సబ్బులాంటి పదార్థం కలుపుతారు. వయసులో ఉన్నప్పుడు నేను ఆ తప్పే చేశాను. మూడు వారాలు ఎదురుచూస్తే బీకరు అడుగున జిగురు మిగిలింది. స్వచ్ఛమైన గ్లైఫోసేట్ ఆమ్లం పొడి తెప్పించుకో. లీటరు నీటిలో దాదాపు 12 గ్రాములే కరుగుతుంది.

రాగి లవణం కలిపాక క్షారం గబగబా పోస్తే నీలం పొడి దిగిపోతుంది, స్ఫటికంలో పరమాణువులు ఎక్కడెక్కడ ఉన్నాయో తేల్చే మన ఎక్స్‌రేకు అది పనికిరాదు. చుక్క చుక్కగా పొయ్యి. వడపోసి, ఒక్కోదానికి ఒక్కో పీహెచ్ ఉండేట్టు పది చిన్న బీకర్లు పెట్టు. పైన పారాఫిల్మ్ అనే సాగే మైనపు పొర కప్పి సూదితో నాలుగైదు రంధ్రాలు చెయ్. మన ఎండాకాలపు వేడికి నీరు గబగబా ఆరిపోయి స్ఫటికాలు ముద్దకడతాయి కాబట్టి చలికాలమే మంచిది, అదీ లోపలి గదిలో. రోజూ కదిపి చూడకు. ఆగడం కష్టమే, కానీ వారానికోసారి చాలు.

మైక్రోస్కోపులో రెండు పోలరైజర్లు (కాంతిని ఒకే దిశలో కంపించనిచ్చే పలకలు) ఒకదానికొకటి అడ్డంగా పెట్టి స్ఫటికాన్ని తిప్పు. మంచిదైతే ప్రతి 90 డిగ్రీలకు మొత్తం ఒక్కసారిగా చీకటవుతుంది. సగం వెలుగుతూ ఉంటే రెండు అంటుకున్నట్టే, పక్కన పెట్టు. కాగితం మీద ఆరబెట్టకు, లోపలి నీరు పోతే చూస్తుండగానే తెల్లబడి పగిలిపోవచ్చు. ద్రావణంలోంచి తీసి నేరుగా నూనె చుక్కలో పెట్టు.

ఎక్స్‌రే లెక్క తేలాక, కంప్యూటర్ పెట్టిన చోటే హైడ్రోజన్ ఉందని నమ్మకు. ఉత్త గ్లైఫోసేట్ స్ఫటికంలో ఒక ప్రోటాన్ (ఎలక్ట్రాన్ లేని హైడ్రోజన్) నైట్రోజన్ మీదికి వెళ్లి ఉంటుంది. ఎక్స్‌రేకు హైడ్రోజన్ సరిగా ఆనదు. అందుకే భాస్వరం, ఆక్సిజన్ మధ్య దూరాలు చూడు: హైడ్రోజన్ ఉన్న బంధం సుమారు 1.57 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్ల వంతు), లేనిది 1.50 దగ్గర. రాగి అయితే నైట్రోజన్‌తో పాటు ఒక కార్బాక్సిల్ (కార్బన్ వైపు ఆమ్ల భాగం) ఆక్సిజన్‌నూ, ఒక ఫాస్ఫోనేట్ (భాస్వరం వైపు భాగం) ఆక్సిజన్‌నూ పట్టుకుని, ఐదేసి పరమాణువుల వలయాలు రెండు కడుతుంది. కాల్షియం ఆక్సిజన్ల వైపే మొగ్గుతుంది. ఈ తేడాను బొమ్మ గీసి మీ బాపుకు చూపించు, ఆయనకు తప్పకుండా అర్థమవుతుంది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు రెండు స్ఫటికాలు ద్రావణంతో సహా చిన్న సీసాలో తీసుకురా. నా పాత భూతద్దం తుడిచి పెడతాను.

మీ పెద్దబాపు