మార్కెట్ ముఖం చూడనన్న బిడ్డకు

బిడ్డా,

ఉద్యోగం మానేసి మన చేవెళ్ల పొలంలో కూరగాయలు పండిస్తానని, వాట్సాప్ గ్రూపు పెట్టి పట్నంలో అపార్ట్‌మెంట్లకు నేరుగా ఇస్తానని రాశావు. సంతోషం. "ఇక మార్కెట్ ముఖం చూడను పెద్దనాయనా" అన్నావే, అక్కడే నాకు టెన్షన్ పట్టుకుంది.

1999లో రైతు బజార్లు పెట్టిన కొత్తలో నేనూ అదే మాట అన్నాను. అంతకుముందు మార్కెట్‌లో మా సరుకు అమ్మిపెట్టే అడ్తీదారు కమీషన్ కింద నూటికి పది కోసుకునేవాడు, తూకంలో తరుగు వేరే. రైతు బజార్‌లో అమ్ముకునే కార్డు చేతికి రాగానే గంపలు బస్సులో వేసుకుని మెహిదీపట్నం పోయాను. తీరా చూస్తే అక్కడ బోర్డు మీద రేటు ఎట్లా రాసేవారు? పొద్దున టోకు మార్కెట్‌లో పలికిన ధర మీద కొంత కలిపి, బయటి చిల్లర ధర కంటే తగ్గించి రాసేవారు. దళారీ పోయాడు గానీ ఆ మార్కెట్ రేటు మా నెత్తి మీదే ఉంది.

నీ గ్రూపుకూ అంతే. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటింది, కొన్నాళ్లకే రైతులు రోడ్డు మీద పారబోశారు. వంద ఉన్నప్పుడు నీ దగ్గరికి పరుగెత్తుకొచ్చేవాళ్లు, పది అయ్యాక బండి దగ్గరే కొంటారు. అందుకే సీజన్ మొత్తానికి ఒకటే రేటు మాట్లాడుకో, నెల డబ్బు ముందే తీసుకో. ఒప్పుకున్నవాళ్లే నీవాళ్లు.

ఇంకో సంగతి. బెండ, బీర ఆర్డర్ కోసం ఆగవు, రోజు విడిచి రోజు కోయాల్సిందే. దసరాకు సగం అపార్ట్‌మెంట్లు ఖాళీ. అప్పుడు మిగిలిన సరుకుకు పట్నంలోని గుడిమల్కాపూర్ టోకు మార్కెటే దిక్కు. ఆకుకూరలు, నాటు రకాలు గ్రూపుకు ఇవ్వు, ఎక్కువగా కాసేది మార్కెట్‌కు వెయ్యి. అడ్తీ దుకాణంలో ముఖపరిచయం లేకపోతే నీ బాక్సులు చివర్లో వేలం వేస్తారు, అప్పటికి కొనేవాళ్లు వెళ్లిపోతారు.

సరుకు తక్కువపడిన రోజు మాత్రం బయట కొని మనదని ఇవ్వకు. నేను ఒక్కసారి చేశాను, బీరకాయలతో. రోజూ కొనే ఆవిడ ఒకటి చేతిలోకి తీసుకుని, నా ముఖం చూసి, మళ్లీ గంపలో పెట్టి వెళ్లిపోయింది.

ఆదివారం రా. తెల్లారి నాలుగింటికే బయల్దేరాలి, మార్కెట్‌లో నిన్ను ఇద్దరు ముగ్గురికి పరిచయం చేస్తాను.

నీ పెద్దనాయన